చేపలకని వండిన నత్తలు

మణుగూరు,
11 జులై 2025, శుక్రవారం.

పుష్ప వదినకు ఉష నమస్కారాలు.

ఫోన్ చేస్తే నీకు సరిగా వినపడదు. అన్న మధ్యలో కూర్చుని నేను చెప్పింది సగం, తాను అనుకున్నది సగం కలిపి నీ చెవిలో అరుస్తాడు. పోయినసారి నాకు జలుబు చేసిందని చెబితే నీ దగ్గరికి చేరేసరికి నన్ను దవాఖానాలో పడుకోబెట్టేశాడు. అందుకే ఉత్తరం. మా సబ్‌సెంటర్‌లో నాతో పనిచేసే వనజది మీ పక్క ఊరే కదా. శనివారం ఇంటికి వస్తుంది, సోమవారం పొద్దున్నే తిరిగి మణుగూరు బస్సెక్కుతుంది. ఇక మన టపా అంతా ఆమె చేతిసంచిలోనే.

సంగతి ఏమిటంటే, మా ఆయన పోయిన శనివారం ఖమ్మం వెళ్లి, తెమ్మన్న మిక్సీ జారు మరిచిపోయి, ఒక గాజు తొట్టి, నాలుగు చేపలు పట్టుకుని దిగాడు. ఇదేమిటని అడిగితే, "లిఖిత ఒక్కతే కూసుంటున్నది, జర తోడుంటయ్" అన్నాడు. వాటిని పఫర్ చేపలంటారట. కేరళ నదుల్లోవి, మంచినీళ్లలో బతుకుతాయి. ఒక్కొక్కటి నా బొటనవేలి గోరంత. పసుపుపచ్చ ఒంటి మీద నల్ల మచ్చలు. కళ్లు రెండూ వేరువేరుగా తిరుగుతాయి, ఒక కంటితో నన్ను చూస్తూ ఇంకో కంటితో వంటింట్లోకి చూస్తాయి. భయమేస్తే పొట్ట బూరలాగా ఉబ్బించుకుంటాయట. ఒంట్లో విషం కూడా ఉంటుందట. నువ్వు అడగబోయేది నాకు తెలుసు. తినకూడదు.

చిక్కేమిటంటే అవి కూడా ఏమీ తినడం లేదు. ఆరు రోజులైంది. షాపువాడు ఇచ్చిన గింజల మేత వేస్తే దగ్గరికి వచ్చి చూసి, ముఖం తిప్పుకుని పోతున్నాయి. పొట్టలు లోపలికి పోయాయి. మళ్లీ షాపుకు ఫోన్ చేస్తే, కదిలేది వేస్తేనే తింటాయి, దోమ పిల్లలు వేయండి అన్నాడు. మా ఆయన వెంటనే బకెట్‌లో నీళ్లు పట్టి మేడ మీద పెట్టబోయాడు. ప్రతి శుక్రవారం ఇంటింటికీ తిరిగి నీళ్లు నిలవున్న కుండలు బోర్లించే నర్సమ్మ ఇంట్లోనే దోమల పెంపకమా! బకెట్ నేనే బోర్లించాను.

వీటికి నత్తలంటే ప్రాణమట. మీ పొలాల్లో ఇప్పుడు నత్తలకు కరువుండదు. వనజ చేత కొన్ని పంపుతావా?

లిఖిత బాగుంది. కాలేజీకి పోతోంది.

నీ ఉష


తండా, ములకలపల్లి మండలం,
13 జులై, ఆదివారం.

ఉషకు వదిన దీవెనలు.

నాది ఏడో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదువుకో. మన ఇంటి లంబాడీ మాటకు అక్షరాలు లేవు కాబట్టి తెలుగులోనే తిడుతున్నాను, అంత ఘాటు రాదు. తినడానికి పనికిరాని చేపల్ని డబ్బులు పోసి కొన్న మనిషిని మా తమ్ముడని చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

అయినా మీ ఇంటికి వచ్చినవి పస్తుంటే ఊరుకుంటానా? నిన్న కోయగూడెం ముత్తక్కను వెంటబెట్టుకుని నాటు వేసిన మడిలోకి దిగాను. పెళ్లై వచ్చిన కొత్తలో నాకు నత్తలు వండటం నేర్పింది ఆమే కదా. బొటనవేలంత మంచి నత్తలు ఏరాం. బియ్యం కడిగిన నీళ్లలో ఒక పూట నానబెట్టి, ఉడకబెట్టి, గుల్లల్లోంచి తీసి, ఉప్పూ పసుపూ రాసి మూడుసార్లు కడిగి, ఉల్లిపాయతో వేయించాను. కారం వేయలేదు, చేపలు కదా. ముత్తక్క చూసి, "చేపకు ఉల్లిగడ్డ ఎందుకమ్మా?" అని నవ్వింది. ఆడబిడ్డ ఇంటికి పచ్చివి పంపిస్తే రేపు నా ముఖాన ఊస్తారు. ఎవరు తిన్నా సరే, ఈ ఇంట్లోంచి పోయేది వండే పోవాలి. స్టీలు డబ్బా నిండా పెట్టాను.

ఒక మాట అడుగుతాను. చేపల గురించి పేజీ నిండా రాశావు. నా బిడ్డ లిఖిత గురించి ఒకటిన్నర లైను. అది ఏం తింటున్నది? పొద్దున టిఫిన్ తిని పోతున్నదా? ఇంటర్‌లో చేరి నెల దాటింది, ఒక్కసారి కూడా నాకు ఏదీ కావాలని కబురు పెట్టలేదు.

మీ వదిన పుష్ప


మణుగూరు,
18 జులై, శుక్రవారం.

వదినకు నమస్కారాలు.

డబ్బా అందింది. మూత తీయగానే ఇల్లంతా మన ఇంటి వాసన వచ్చింది. నేను తలుపు చాటున దాగిన పిల్లలాగా వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి కాసేపు వాసన చూశాను. చేపల కోసం వంగి వంగి ఏరి, మూడు నీళ్లు కడిగావు. నిన్ను ఏమని పొగడాలి?

డబ్బా మొత్తం ఖాళీ అయింది. అడుగున అంటుకున్న పసుపు కూడా మిగల్లేదు. ఖాళీ డబ్బా తిప్పి పంపకూడదని నువ్వు నేర్పిందే కాబట్టి అటుకుల మిక్చర్ పోసి పంపుతున్నాను. అన్నకు పళ్లనొప్పిగా ఉందని వనజ చెప్పింది, గట్టి పల్లీలు ఏరేశాను.

ఇక్కడ వానలు దంచుతున్నాయి. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో నీళ్లు నిండి మా ఆయనకు డ్యూటీ వేళలు మారుతున్నాయి. నాకు జ్వరాల సర్వే. రోజుకు యాభై ఇళ్లు.

లిఖిత తింటోంది. దిగులు పడకు.

నీ ఉష


తండా,
20 జులై, ఆదివారం.

ఉషకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి మీ అన్నకు చదివి వినిపించాను. గోరంత చేపలు నాలుగు కలిసి డబ్బా నత్తల కూర తినేశాయంటే ఎవరైనా నమ్ముతారా? మీ అన్న నమ్మాడు. తండాలో అందరికీ చెప్పుకొచ్చాడు. "నా పెండ్లాం వంటకు కేరళ చేపలు గూడ లొంగినయ్" అంటున్నాడట. ముత్తక్క మాత్రం తల గోక్కుని, "గంత చిన్న కడుపుల గంత కూర ఏడ వట్టిందే పుష్పా?" అన్నది. అసూయ.

ఈసారి రెండు డబ్బాలు. ఒకదాంట్లో అల్లం కూడా వేశాను, వానాకాలం కదా, చేపలకు అరుగుతుంది.

తీజ్ పండుగ ఆగస్టు అయిదున మొదలు పెడుతున్నారు. పెళ్లికాని ఆడపిల్లలందరూ బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోయాలి, లిఖిత బుట్ట నేనే అల్లించాను. మూడో తారీఖు ఆదివారం మీ అన్న వచ్చి దాన్ని తీసుకొస్తాడు. ఇంకో సంగతి దాచకుండా చెబుతున్నాను. మొన్న మీ ఊరు నుంచి వచ్చిన ఎవరో బస్టాండులో లిఖితను చూశారట, చిక్కిపోయిందన్నారట. మీ అన్న అప్పటినుంచి ఒకటే మాట. "బిడ్డ బక్కగయ్యిందంటే మల్ల తోలియ్య. ఈడనే ఏదో ఒక కాలేజిల ఏస్త" అంటున్నాడు. నేను నీ ఉత్తరం చూపించి తింటోందని చెప్పాను. నీ మాట మీద నిలబడ్డాను ఉషా.

పుష్ప


మణుగూరు,
25 జులై, శుక్రవారం.

వదినా,

ఈ ఉత్తరం అన్నకు చదివి వినిపించకు. ముందు కూర్చో.

నీ నత్తలు చేపలు తినలేదు. మొదటి రోజు రెండు ముక్కలు తొట్టిలో వేశాను. నీళ్లు పచ్చబడ్డాయి. చేపలు నాలుగూ మూలకు పోయి నక్కాయి. నాకు ఒళ్లు మండి, డబ్బా వంటింటి గట్టు మీద పెట్టేసి డ్యూటీకి పోయాను. నాకెంత పొగరో చూడు. సాయంత్రం వచ్చి చూస్తే డబ్బా కడిగి బోర్లించి ఉంది. లిఖిత తిన్నది. అన్నం తానే వండుకుని, నువ్వు వేయని కారం తానే చల్లుకుని, డబ్బా మొత్తం తిన్నది. నేను అడిగితే తల వంచుకుని, "అమ్మ చేసినయ్ కద అత్తా" అన్నది. రెండోసారి పంపిన రెండు డబ్బాలూ అంతే. అల్లం వేసినది తనకు మరీ నచ్చింది.

చేపల కోసం వండినది తినాల్సిన అవసరం ఆ పిల్లకు ఎందుకు వచ్చిందని అడుగుతావు. జూన్ నుంచి నా ఇంట్లో అది రెండు ముద్దలకు మించి తినడం లేదు వదినా. పప్పు చేశాను, కోడికూర చేశాను, మా ఆయన హోటల్ నుంచి బిర్యానీ తెచ్చాడు. కలుపుతుంది, కెలుకుతుంది, "సాలు అత్తా" అంటుంది. మండలంలో పిల్లలందరినీ తూకం వేసేదాన్ని నేను. నా మేనకోడల్ని మెషిన్ ఎక్కించడానికి నాకు ధైర్యం చాలలేదు. నీకు రాసినప్పుడల్లా తింటోందని రాశాను. నత్తలు తిన్నది కాబట్టి అది అబద్ధం కాదని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఎందుకు దాచానంటే, ఈ పిల్లను నేనే అడిగి తెచ్చుకున్నాను. బైపీసీ చదివి నర్సింగ్ చేస్తానంది, నా దగ్గర ఉంచుకుంటానన్నాను. పదమూడేళ్లుగా ఈ క్వార్టర్‌లో మేమిద్దరమే. పిల్లలు లేని ఆడదానికి పిల్లకు అన్నం పెట్టడం కూడా చేతకాలేదని నువ్వు అనుకుంటావని భయపడ్డాను. నువ్వు అలా అనే మనిషివి కాదని తెలిసీ భయపడ్డాను. అమ్మ పోయినప్పుడు నాకు పదేళ్లు. పెళ్లై ఆరు నెలలు కాని దానివి, నన్ను పెంచావు. నీ దగ్గర తిన్న అన్నంతో నేను ఈ ఉద్యోగం దాకా వచ్చాను. నీ బిడ్డకు తినిపించలేకపోయానని నీకు రాయడం నా వల్ల కాలేదు.

నిన్న ఒక చేప చచ్చిపోయింది. లిఖిత దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి కుండీలో పాతింది. మిగిలిన మూడింటికి బతికున్న నత్తలే కావాలి, అవీ పెద్దవి కాదు. పెద్ద నత్త గుల్ల వాటి నోటికి పగలదు. మిరియం గింజంతవి. దొరుకుతాయా?

అన్న వచ్చి తీసుకుపోతే తీసుకుపోనీ. నాకు అడ్డుచెప్పే ముఖం లేదు.

ఉష


తండా,
27 జులై, ఆదివారం.

ఉషా,

కోపం వచ్చింది. నిన్న సాయంత్రమంతా వచ్చింది. మీ అన్న నీళ్లడిగితే చెంబు విసిరాను. ఎందుకో ఆయనకు తెలియదు, పాపం చెంబు ఏరుకుని తానే తాగాడు. పొద్దున్నకు తగ్గింది. నువ్వు దాచినందుకే కోపం. చేతకాలేదనే మాట ఇంకోసారి రాస్తే మాత్రం బస్సెక్కి వచ్చి కొడతాను.

నువ్వు దానికి అన్నం ఎలా పెడతావో చూడకుండానే చెప్పగలను. పళ్లెం పెట్టి ఎదురుగా నిలబడతావు. ఎంత తిన్నదో ముద్దలు లెక్కపెడతావు. సూది వేయించుకోవడానికి వచ్చిన పిల్లను చూసినట్టు చూస్తావు. మంచిదానివే, కానీ నీ చూపు కింద మెతుకు దిగదు. నీ సంగతి నీకు గుర్తులేదు. మీ అమ్మ జమ్లి పోయాక నువ్వు పదకొండు రోజులు అన్నం ముట్టలేదు. తండాలో ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని తినవే తినవే అన్నారు. నేను కొత్త కోడల్ని, నాకు మాట్లాడే హక్కు లేదు. వాళ్లు లేచి పోయాక నీ పక్కన జొన్నరొట్టె పెట్టి బర్రెల దగ్గరికి పోయాను. గంట దాకా తిరిగి రాలేదు. వచ్చేసరికి రొట్టె లేదు. కుక్క తిన్నదో నువ్వు తిన్నావో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ మర్నాడు నువ్వే అడిగావు.

చేపలకూ అంతే చెయ్యి. తొట్టి ముందు మీరు ముగ్గురూ కాపలా కూర్చుంటే అవి ఏం తింటాయి? నత్తలు వేసి, మీద ఒక తువ్వాలు కప్పి, మీ పని మీరు చూసుకోండి.

మిరియమంత నత్తల కోసం ముత్తక్క, నేను కుంటలో మోకాళ్ల లోతు దిగి గుర్రపుడెక్క పీకాము. దాని వేళ్లకు పట్టుకుని ఉన్నాయి, వందల్లో. ముత్తక్కకు అంతా చెప్పాను. "అయితే నీ బిడ్డ తిన్నదన్నట్టు. నేను అనలే, చేప కడుపుల వట్టదని?" అని ఒకటే నవ్వు. కుంట నీళ్లతోనే సీసాలో పోసి పంపుతున్నాను, మూతకు మేకుతో బెజ్జాలు పెట్టాను. ఇవి మాత్రం ఉడకబెట్టలేదు. ఆడబిడ్డ ఇంటికి పచ్చివి పంపడం నా బతుకులో ఇదే మొదలు.

లిఖితకు వేరే డబ్బా పంపడం లేదు. కావాలనే.

మీ అన్నకు చెప్పలేదు. మూడున వస్తాడు.

పుష్ప


మణుగూరు,
1 ఆగస్టు, శుక్రవారం.

వదినకు వేల దండాలు.

తిన్నాయి! మంగళవారం సాయంత్రం నువ్వు చెప్పినట్టే నత్తలు వేసి తువ్వాలు కప్పి మేమంతా ముందు గదిలోకి పోయాము. మా ఆయన అయిదు నిమిషాలకోసారి లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. గంట తర్వాత లిఖిత నెమ్మదిగా తువ్వాలు కొస ఎత్తి చూసి, "అత్తా, తిన్నయ్! దా జల్దీ!" అని అరిచింది. ఈ ఇంట్లో ఆ పిల్ల గొంతు అంత పెద్దగా నేను వినడం అదే మొదలు. ఒక చేప నత్త ముందు గాల్లో తేలినట్టు నిలబడింది. ఒక కన్ను నత్త మీద, ఇంకో కన్ను మా మీద. నత్త మెల్లగా గుల్లలోంచి తల బయట పెట్టగానే టక్కున కొరికింది. చూస్తుండగానే అయిదు ఖాళీ గుల్లలు అడుగున పడ్డాయి. పొట్టలు గుండ్రంగా అయ్యాయి. మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు, దుమ్ము పడిందన్నాడు.

లిఖిత విషయంలోనూ నీ మాటే విన్నాను. అన్నం, పప్పు గిన్నెలు మూతపెట్టి, "ఆకలైనప్పుడు తిను" అని చెప్పి, నేను వరండాలో రిజిస్టర్లు రాసుకుంటూ కూర్చున్నాను. ఒట్టు, వెనక్కి తిరగలేదు. మెడ నొప్పి పుట్టింది. సోమ, మంగళవారాలు గిన్నెలు దాదాపు అలాగే ఉన్నాయి. బుధవారం గిన్నె మీద గరిటె చప్పుడు వినపడింది. కాసేపటికి మళ్లీ వినపడింది. రిజిస్టర్‌లో ఏం రాశానో నాకు తెలియదు, ఒక ఇంట్లో పద్నాలుగు మంది గర్భిణులని వేసి ఉంది.

మూడు రోజుల తిండితో ఒళ్లు రాదు. ఎల్లుండి అన్న వచ్చి చూస్తే చిక్కిపోయినట్టే కనిపిస్తుంది. నేనే అన్నతో ఉన్నదంతా చెబుతాను, నువ్వు నా మాట మీద నిలబడి మాట పడకూడదు. ఆ తర్వాత పంపడమో మానడమో మీ ఇష్టం. పంపకపోయినా నాకు నీ మీద కృతజ్ఞత తప్ప ఇంకేమీ ఉండదు. రెండుసార్లు అన్నం పెట్టడం నేర్పావు, ఒకసారి నాకు పెట్టి, ఒకసారి నా చేత పెట్టించి.

నీ ఉష


తండా,
17 ఆగస్టు, ఆదివారం.

ఉషకు వదిన దీవెనలు.

ఈ ఉత్తరం వనజ చేతికి ఇవ్వడం లేదు. దీన్ని తెచ్చేది లిఖితే. కాబట్టి అసలు సంగతి నీకు మొదటి లైనులోనే తెలిసిపోయింది.

మీ అన్న దాన్ని తీసుకొచ్చిన రోజు గడపలోనే చూశాను. మెడ ఎముకలు కనిపిస్తున్నాయి. నువ్వు అంతా చెప్పావట, ఏడ్చావట. రెండో రోజు నేను నత్తలు చేశాను, ఉల్లిగడ్డ, అల్లం, కారం, అన్నీ వేసి. బాగా తిన్నది. తీజ్ తొమ్మిది రోజులూ బుట్టకు నీళ్లు పోసింది, పిల్లలతో పాడింది, ఎగిరింది. నిమజ్జనం రోజు మీ అన్న దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు. "ఈడనే ఉంటవా, అత్త కాడికి పోతవా? భయపడకుంట చెప్పు." అది వెంటనే, "పోత నాయనా. చేపలకు నత్తలు ఎవరేస్తరు, మామ మర్చిపోతడు" అన్నది. మీ అన్న నా వైపు చూసి, "గట్లనే. తోలిద్దాం" అన్నాడు. అంతే, అయిపోయింది.

ఇప్పుడు నేను దాచింది చెబుతాను. నువ్వు దాచినదానికి నిన్ను తిట్టాను కాబట్టి నాదీ చెప్పాలి.

నీ ఇంట్లో నా బిడ్డ తినడం లేదని చదివినప్పుడు ఏడ్చాను. నిజమే. కానీ ఏడుస్తుండగానే కడుపులో ఒక మూల సంతోషం వేసింది ఉషా. నా చేతి తిండి తప్ప దానికి ఇంకేదీ ఎక్కడం లేదని, చేపల డబ్బా అయినా సరే అమ్మ వండిందని తిన్నదని. బిడ్డ చిక్కిపోతుంటే సంతోషపడిన తల్లిని ఎక్కడైనా చూశావా? ముత్తక్కకు కూడా చెప్పుకోలేదు. రెండు రోజులు నా ముఖం నాకే చూసుకోబుద్ధి కాలేదు. ఆ సిగ్గుతోనే ఆ వారం డబ్బా పంపలేదు.

మొన్న పప్పు చేశాను. ఎప్పుడూ చేసే పప్పే. అది రెండు ముద్దలు తిని, "అమ్మా, అత్త చేసినట్టు చెయ్యరాదె? అత్త పప్పుల గోంగూర ఏసి, ఆఖరుకు ఎల్లిపాయ కాల్చి ఏస్తది" అన్నది. నా ఇంట్లో, నా పొయ్యి దగ్గర కూర్చుని. గుండెలో ముల్లు దిగినట్టయింది. ఒక్క నిమిషమే. ఆ తర్వాత ఎంత తేలికైందో చెప్పలేను. నా బిడ్డకు ఆకలేస్తే తలుచుకోవడానికి ఇప్పుడు రెండు ఇళ్లు ఉన్నాయి. ఇంకేం కావాలి నాకు? నువ్వు చల్లగా ఉండాలి.

నీకు పొయ్యి ముట్టించడం నేర్పింది నేనే. గరిటె పట్టడం నేర్పింది నేనే. ఆ గోంగూర పప్పు మాత్రం నేను నేర్పింది కాదు. కాసేపు కూర్చుని, ఏది ముందు వేస్తావో, ఏది తర్వాత వేస్తావో వివరంగా రాసి పంపు. దసరా సెలవులకు అది ఇంటికి వచ్చేలోపు నేను నేర్చుకోవాలి.

మీ వదిన
పుష్ప